అర చుట్టు

మా బాబాయిని అందరూ చెవి మేస్త్రి అంటారు. డీజిల్ ఇంజను నడుస్తుంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను దాని ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఏ సిలిండర్ దగ్గుతోందో, ఏది బద్ధకిస్తోందో చెప్పేస్తాడు. విప్పి చూస్తే అదే అయి ఉంటుంది.

డీజిల్ పూర్తిగా మండాలంటే దాని బరువుకు పదిహేను రెట్ల గాలి కావాలని, నిజానికి అంతకన్నా ఎక్కువే అందాలని నేను పుస్తకాల్లో చదువుకున్నాను. బాబాయి దాన్నే ఇంకోలా చెబుతాడు.

"ఎంత తిన్నామని కాదమ్మాయ్, ఎంత ఒంటపట్టిందని. ఒంటపట్టకపోతే అజీర్తి. నల్లపొగంటే అదే."

బాబాయి అల్లుడికి సొంతంగా ఒక పాత లారీ ఉంది. చెల్లి సంసారమంతా ఆ ఒక్క ఇంజను మీదే నడుస్తోంది. దాన్ని బాబాయి మూడు రోజులు షెడ్డులో పెట్టుకున్నాడు. గాలి ఫిల్టర్ మార్చాడు. వాల్వుల సందుల్ని పల్చటి రేకుతో కొలిచి సరిచేశాడు. నాజిళ్ళు విప్పి చేతిపంపుతో కొట్టి చూస్తే రెండు మాత్రం చినుకులు కారుస్తున్నాయి. డీజిల్ మంచులా చిమ్మాలి తప్ప కారకూడదు. ఆ రెండూ మార్చి, పంపును వెంట్రుకవాసి తిప్పి, డీజిల్ పడే క్షణాన్ని కాస్త ముందుకు జరిపాడు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా రాని బండి నాలుగున్నర దాటింది.

అల్లుడికి అక్కడితో ఆశ తీరలేదు.

"మైలేజీ సరే మామయ్యా. ఎత్తుకి మాత్రం ముసలెద్దులా ఈడుస్తోంది. ఆ తిండిమర కొంచెం చూడకూడదూ?"

తిండిమర అన్నది బాబాయి పెట్టుకున్న పేరు. పంపు వెనకాల ఉండే చిన్న మర అది. ఇంజనుకు అందే డీజిల్ హద్దు దాని చేతిలో ఉంటుంది.

"గాలి పెరక్కుండా తిండి పెంచితే ఒళ్ళు కాలిపోతుంది అల్లుడూ."

"అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదంటారా?"

"అల్లుడు నోరు మూసిందెప్పుడు గనక," అని నవ్వుతూనే బాబాయి, మర కదలకుండా పట్టే లాక్‌నట్ వదిలి, మరను అర చుట్టు బిగించాడు.

బిగిస్తే డీజిల్ పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. కొళాయికి పూర్తిగా ఎదురు. ముప్ఫై ఏళ్ళుగా తిప్పుతున్న చేతికి అది చెప్పాల్సిన సంగతని తోచలేదు. అల్లుడు ఆ సమయానికి క్యాబిన్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు. మామ చెయ్యి ఎటు తిరిగిందో చూడలేదు.

రెండు వారాల తర్వాత ఒకనాడు మా బుజ్జిదానికి జలుబు చేసి గొంతులో గురగురమంటుంటే, కాలు నిలవక దాన్ని ఎత్తుకుని షెడ్డుకు వెళ్ళాను. బాబాయి చేతులు తుడుచుకుని దాని వీపుకు చెవి ఆనించాడు.

"నాజిళ్ళు బాగానే ఉన్నాయి. ఫిల్టర్ మూసుకుపోయిందంతే. ముక్కు తుడువు."

నేను నవ్వేలోపు ఆయన ఫోను మోగింది. అల్లుడు. నిండు లోడుతో కొండ సగం ఎక్కాడట. వెనక ఏమీ కనపడనంత నల్లపొగ, వేడి ముల్లు ఎర్రగీత మీద ఉందట.

"పక్కకి తీసి ఆపు. పూర్తిగా చల్లారనీ. అప్పుడు తిండిమర తగ్గించు. అర చుట్టు చాలు. లాక్‌నట్ మళ్ళీ గట్టిగా వెయ్యడం మరిచిపోకు."

"అంతేనా? నేను చేసేస్తాను."

గంట దాటాక మళ్ళీ ఫోను. ఇంజను రొద మధ్య అల్లుడు అరుస్తున్నాడు.

"తగ్గించాను మామయ్యా! గుర్రంలా లాగుతోంది! మీరే వినండి!"

బాబాయి ఫోను చెవికి నొక్కుకుని కళ్ళు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు. తిండి తగ్గిన ఇంజను నెమ్మదించాలి. గుర్రంలా లాగకూడదు.

"ఎటు తిప్పావు అల్లుడూ? బిగించావా, వదిలావా?"

"బిగించాను! తగ్గించాలంటే బిగించాలి కదా!"

"ఆపు! ఆపెయ్యి!"

"ఏంటి? వినపడట్లేదు మామయ్యా. ఈ మలుపు దాటనివ్వండి!"

బాబాయి గొంతు చిరిగేలా అరిచాడు. నేనూ అరిచాను. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. అల్లుడు ఫోను ముందు పెట్టేసి స్టీరింగు చూసుకుంటున్నాడని రొదను బట్టి తెలుస్తోంది. కాసేపటికి బాబాయి అరవడం మానేశాడు. వినడం మాత్రం మానలేదు.

"మూడోది పోతోంది," అన్నాడు నాతో, వాతావరణం చెప్పినట్టు. "ఇక్కడ కూర్చుని వింటున్నానమ్మాయ్. విని ఏం చెయ్యను?"

ఇనుము మీద సమ్మెట పడ్డట్టు ఒక్క దెబ్బ. ఆ తర్వాత బ్రేకుల గాలి బుస్సుమనడం మాత్రమే వినిపించింది.

"మామయ్యా... ఆగిపోయింది."

"నీకేం కాలేదు కదా?"

"నాకేం కాలేదు."

బాబాయి ఫోను నా చేతిలో పెట్టి బల్ల మీద కూలబడ్డాడు.

నాలుగో రోజు లారీని ఇంకో లారీ లాక్కొచ్చింది. బాబాయి ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఇంజను తానే విప్పాడు. మూడో పిస్టన్ నెత్తి కరిగి, రూపాయి బిళ్ళంత కన్నం పడింది. అల్యూమినియం కొవ్వొత్తిలా కారి గడ్డకట్టింది. పిస్టన్ను పట్టి ఉండే రాడ్డు విరిగి, ఇంజను బ్లాకు గోడను పొడుచుకుని బయటికి చూస్తోంది.

"మీరు తగ్గించమన్నారు. నేను తగ్గించాననే అనుకున్నాను," అన్నాడు అల్లుడు, తల దించుకుని.

"అన్నాను. నేనన్న మాట అదే."

చెల్లి గుమ్మంలోంచి లోపలికి రాలేదు. "మళ్ళీ నడుస్తుందా నాన్నా?"

బాబాయి బ్లాకు మీది పగులు వెంట వేలు పోనిచ్చి, చివరిదాకా వెళ్ళి ఆగాడు.

"నడవదమ్మా."

ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. అల్లుడు, విప్పి బల్ల మీద పెట్టిన పంపు దగ్గరికి వెళ్ళి దాని వెనక మర మీద వేలు పెట్టాడు.

"ఎటు మామయ్యా, తగ్గించడం?"

బాబాయి లేచి, అతని చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి అర చుట్టు వెనక్కి తిప్పించాడు.

"ఇటు," అన్నాడు.