అన్న ఎంచుకున్న గొంతు

మొన్న ఆదివారం మా మేనకోడలు ఫోన్ చేసింది. ములుగులో తోటల పెంపకం చదువుతోంది. దాని లాప్‌టాప్ పాతదట, మీట నొక్కి టీ పెట్టుకుని తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుందట. హాస్టల్లో ఎవరో, లినక్స్ వేసుకో, ఊరికే దొరుకుతుంది, పాత మిషన్లు కూడా లేచి కూర్చుంటాయి అని చెప్పారట. "అత్తమ్మా, అండ్ల శానా రకాలున్నయంట గదా, ఏది మంచిది?" అని అడిగింది. సిద్దిపేటలో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నదాన్ని. ఈ ప్రశ్న ఎవరడిగినా బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డట్టే జవాబు చెప్పేస్తాను. ఆ పిల్లకు మాత్రం చెప్పలేకపోయాను. సాయంత్రం చేస్తానని పెట్టేశాను. సాయంత్రం చెయ్యలేదు.

తెలియనివారి కోసం ఒక మాట. లినక్స్ అంటే కంప్యూటర్ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్. రాసినవాళ్లు దానికి తాళం వెయ్యకుండా లోకానికి వదిలేశారు. అందుకని ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకుని, ఒకరు ఉబుంటు అని, ఒకరు ఫెడోరా అని, ఒకరు డెబియన్ అని పేర్లు పెట్టుకున్నారు. పచ్చిపులుసు ఒకటే అయినా ఇంటింటికీ రుచి మారినట్టే ఇదీనూ. వీటిలో ఏది గొప్పదని కుర్రవాళ్లు గంటల తరబడి వాదించుకుంటారు. మా ఇంట్లోనూ ఒకసారి ఆ ఎంపిక జరిగింది. ఎంచుకున్నది మా అన్న. ఎక్కించింది నేను.

మా అన్న తెలుగు సారు. సిద్దిపేట నుంచి రోజూ రాయపోల్ వైపు ఒక సర్కారు బడికి బస్సులో పోయి వచ్చేవాడు. ముప్పై ఎనిమిదో ఏట ఆయన చూపు తగ్గడం మొదలైంది. మొదట మసక వెలుతుర్లో మెట్లు కనపడలేదు. తర్వాత పక్కనుంచి వచ్చే ఆటోలు కనపడలేదు. రెండువైపుల నుంచి తలుపులు దగ్గరికి వేస్తున్నట్టు చూపు మూసుకుంటూ వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో, ఇది కంటి వెనక పొర జబ్బు, మందు లేదు, ఉన్నన్నాళ్లు వాడుకోండి అన్నారు. ఆ మాట విన్నరోజు మా వదిన ఇంటికొచ్చి, అన్న నడిచే దారిలో ఉన్న బిందెలూ స్టూళ్లూ అన్నీ గోడవారకు జరిపింది. వాటిని మళ్లీ ఎవరైనా కదిపితే ఊరుకునేది కాదు. నేను పొరపాటున కుర్చీ జరిపి ఎన్నిసార్లు మాట పడ్డానో లెక్కలేదు.

వదిన సంగతి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. బతుకమ్మ ఆటలో ఆమె వచ్చేదాకా మా వాడకట్టు ఆడవాళ్లు పాట ఎత్తుకునేవారు కాదు. తెలంగాణ కోసం పాత బస్టాండు దగ్గర టెంటు వేసి నిరాహార దీక్షలు సాగుతున్న రోజుల్లో, రోడ్డు మీదే బతుకమ్మలు పేర్చి ఆడినప్పుడు, పాట అందుకున్నది ఆమే. మైకు లేకుండా నాలుగు దారులకూ వినపడేది. ఇంట్లో మాత్రం ఎవరైనా పాడమంటే సిగ్గుపడి వంటింట్లోకి పోయేది. ఆ తర్వాతి వానకాలంలో జ్వరమొచ్చింది. ఐదోరోజుకు మనిషి లేదు. వాళ్ల పాపకప్పుడు నాలుగేళ్లు. అమ్మ ఎక్కడికి పోయిందని అది ఇంట్లో ఒక్కొక్కరినీ అడుగుతూ తిరిగేది.

మరుసటి ఏడు సకల జనుల సమ్మె వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, మా కాలేజీ మూతపడింది, బస్సులు డిపోలోనే ఉండిపోయాయి. కరెంటు వచ్చే వేళకన్నా పోయే వేళే ఎక్కువ. అన్న ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. రోజూ పోయేదాన్ని. అప్పటికి ఆయన పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకున్నా రెండు మూడు అక్షరాలకన్నా కనపడటం లేదు. సమ్మె అయిపోయి బడి తెరిస్తే పాఠం ఎట్లా చెప్పాలన్నదే ఆయన బెంగ. ఉద్యోగం పోతుందనే మాట పైకి అనేవాడు కాదుగానీ, పాప పక్కన లేనప్పుడు, "బోర్డు మీద రాసింది నాకే కనపడకపోతే పిల్లలకేం చెప్త, చెల్లె" అనేవాడు. తెర మీది అక్షరాలను కంప్యూటరే పైకి చదివి వినిపించే ఏర్పాటు ఉంటుందని నాకు తెలుసు. డబ్బుపెట్టి కొనే రకాలు మాకు అందేవి కావు. పైగా నేను విచారించినవాటికి తెలుగు రాదు. లినక్స్‌లో ఆ ఏర్పాటు ఊరికే దొరుకుతుంది. ఏ రకంలో తెలుగు చదివే గొంతు ఉందో చూడటమే మిగిలింది. అట్లా మొదలైంది మా పరీక్ష.

మొదటిది ఒక పత్రికతో పాటు వచ్చిన ఫెడోరా డిస్కు. అన్న దగ్గరి కంప్యూటర్ మరీ పాతది, దాన్ని మొయ్యలేక తెర నల్లగా పెట్టి కూర్చుంది. "నీ తప్పు లేదు, మా ముసలిదానికే చాత కాలే" అని డిస్కును ఓదార్చి కవర్లో పెట్టించాడు అన్న. రెండోది ఉబుంటు. అడిగితే చాలు, ఎక్కడో విదేశం నుంచి పోస్టులో ఊరికే పంపేవారు. ఇది ఎక్కించకుండానే, డిస్కు నుంచే చక్కగా తెరుచుకుంది, ఇంగ్లీషు గడగడా చదివింది. తెలుగు పేజీ పెట్టగానే మాత్రం, ఆ ఒక్క డిస్కులో తెలుగు గొంతు లేదు కాబట్టి, నోరు మూసుకుంది. అన్న నవ్వి, "ఇంగ్లీషు మీడియం పిల్లగాడు. తెలుగు పీరియడ్ రాంగనే గైరుహాజరు" అన్నాడు. వదిన పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూశాక నాకు పట్టుదల పెరిగింది.

మూడోది డెబియన్. మా ఫిజిక్స్ సారు సమ్మెకు ముందే హైదరాబాద్ నుంచి తెచ్చిన డిస్కుల కట్ట. నెట్టు అవసరం లేకుండా సమస్తం అందులోనే ఉంది, తెలుగు గొంతు కూడా. ముందు మా ఇంటి కంప్యూటర్లో ఎక్కించి అన్నను పిలుచుకొచ్చాను. ఆయన రాయించిన ఒక పాఠం పెట్టాను. మగగొంతు, స్టేషన్లో రైలు వస్తోందని చెప్పినట్టు, దేనికీ ఏడ్వకుండా, దేనికీ నవ్వకుండా చదివింది. ఒత్తుల దగ్గర తడబడింది, విరామచిహ్నాలను లెక్కచెయ్యలేదు. అన్న కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. ముప్పై ఐదు మార్కులు వేశాడు. ఆ తర్వాత, "గీ గొంతే పెట్టు, చెల్లె. ఒత్తులు నేను నేర్పిస్త" అన్నాడు. ఆయన చెంపలు తడిసి ఉన్నాయి. ఇక చదవలేననుకున్న మనిషి ఏడాది తర్వాత ఒక పేజీ చదివాడు మరి.

మర్నాడు పొద్దున్నే కరెంటు ఉండగా అన్న ఇంట్లో పని మొదలుపెట్టాను. ముందు ఆయన కంప్యూటర్లో ఉన్న ప్రశ్నాపత్రాలు, ఫొటోలు, ఉత్తరాలు ఒక సీడీలోకి ఎక్కించాను. చివర సమాసాలు అని పేరున్న ఫోల్డరు మిగిలింది. సీడీ నిండిపోయింది. ఇంకో సీడీ ఇంట్లో లేదు, బంద్‌కు దుకాణాలు మూసి ఉన్నాయి. ద్వంద్వ సమాసం, ద్విగు సమాసం ఈయనకు నిద్రలోనూ నోటికి వచ్చేవే కదా, ఎప్పుడైనా కొత్తగా రాసుకోవచ్చు అనుకున్నాను. ఆ ఫోల్డరును తెరిచి చూడలేదు. అది అంత జాగా ఎందుకు పట్టిందని కూడా నాకు తోచలేదు. కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని నేను.

డెబియన్ మధ్యలో ఆగి, కంప్యూటర్ లోపలి డిస్కును పాతదానికీ కొత్తదానికీ భాగాలుగా విడగొట్టాలా, మొత్తం ఒక్కటిగా తీసుకోవాలా అని అడిగింది. మొత్తం తీసుకుంటే అందులో పాతదంతా చెరిగిపోతుంది. విడగొడితే కంప్యూటర్ వేసిన ప్రతిసారీ ఏది కావాలో తెర మీద చూసి ఎంచుకోవాలి. అన్నకు ఆ తెర కనపడదు. అందుకని మొత్తం ఒక్కటే చేస్తానన్నాను. "బయట మనం విడిపోతమని కొట్లాడుతున్నం, ఇంట్ల నువ్వు కలిసే ఉండాలంటున్నవ్" అని అన్న నవ్వాడు. తర్వాత, "ఏం పోదు గద?" అని అడిగాడు.

"అన్నీ తీసి పెట్టిన. ఏం పోదు అన్నా" అన్నాను. మీట నొక్కాను.

నాలుగు రోజులు ఆ ఇల్లు వెలిగిపోయింది. అన్న పొద్దున లేస్తూనే ఆ గొంతు ముందు కూర్చునేవాడు. నేను పాఠాలు టైపు చేసి ఇస్తే అది చదివేది, ఆయన వెంట అప్పజెప్పుకునేవాడు. అది తప్పు పలికితే నిజంగానే మందలించేవాడు. ఐదోరోజు ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటిరోజు. మధ్యాహ్నం పోయేసరికి పాప కొత్త గౌను వేసుకుని, చేతిలో తంగేడుపూల పళ్లెం పట్టుకుని, కంప్యూటర్ పక్కన నిలబడి ఉంది. అన్న తెల్లచొక్కా తొడుక్కుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "వచ్చినవా చెల్లె. నీకోసమే చూస్తున్నం. గా సమాసాల ఫోల్డర్ తియ్యి" అన్నాడు.

అవి పాత పాఠాలే కదా అని సీడీలో ఎక్కించలేదన్నాను. ఆయన ముఖం నా గొంతు వచ్చిన వైపు తిరిగింది. చిన్నగా అన్నాడు.

"అండ్ల మీ వదిన పాటలుండె."

తర్వాత తెలిసింది. ఎదురుగా పాడమంటే సిగ్గుపడుతుందని, ఆమె వంట చేస్తూ పాడుకుంటున్నప్పుడు మైకు కిటికీలో పెట్టి రికార్డు చేసేవాడట. చూపు పూర్తిగా పోయినా ఆమె గొంతు తన దగ్గర ఉంటుంది కదా అని ఆశపడి మొదలుపెట్టాడు. ఆమే ముందు పోయింది. పిల్ల కాస్త పెద్దయి అర్థం చేసుకునే వయసు వచ్చాక వినిపించాలని ఏడాదిగా దాచాడు. ఎవరూ తెరవకుండా ఉండాలని వ్యాకరణం పేరు పెట్టాడు. ఆ పండుగకు వినిపిస్తానని పాపకు మాట ఇచ్చాడు.

పాప ఆయన చొక్కా పట్టుకుని, "బాపూ, అమ్మ పాటేది?" అంది. "కరెంటు పోయింది బిడ్డా, రేపు విందాం" అన్నాడు అన్న. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. పాప తలెత్తి ఫ్యానును చూసింది, నన్ను చూసింది, పళ్లెం తీసుకుని ఆటకు పోయింది.

ఆ సాయంత్రమే కంప్యూటర్ లోపలి డిస్కు విప్పుకుని, కంప్యూటర్లు బాగుచేసే భాయ్ ఇంటికి పరుగెత్తాను. ఆయన షట్టరు దించి ఉన్నా నాకోసం లోపల కూర్చుని రెండు రోజులు వెతికాడు. చివరికి తల అడ్డంగా ఊపి, "మేడమ్, రాసిన జాగ మీదనే మళ్ల రాసిన్రు. కింద ఉన్నది ఎట్లొస్తది" అన్నాడు. దొరికింది ఒక్క ముక్క. కొద్ది క్షణాలు. కుక్కరు కూత, గాజుల చప్పుడు. పాట మొదలుకాకముందే తెగిపోయింది. దాన్ని చేతిలో పెట్టుకుని అన్న దగ్గరకు పోయి ఏడ్చాను. ఆయన నా మీద కోప్పడి ఉంటే బాగుండేది. "నువ్వు అడగలే, నేను చెప్పలే. ఇద్దరం కలిసే పోగొట్టినం. పిల్లకు చెప్పకు" అన్నాడు. ఆ ముక్క వినిపించమన్నాడు. మళ్లీ వినిపించమన్నాడు. మూడోసారి నేను వినిపించలేకపోయాను.

సమ్మె ముగిసింది, బడి తెరిచారు. ఆ మగగొంతు సాయంతో అన్న ఉద్యోగం చివరిదాకా చేశాడు. రాష్ట్రం వచ్చిన వార్త కూడా దానితోనే చదివించుకున్నాడు. బయట పటాకులు పేలుతుంటే, "మీ వదిన ఉంటే ఇయ్యాల రోడ్డు మీదనే ఉండేది" అని మాత్రం అన్నాడు. పాటలేమయ్యాయని పాప ఎన్నడూ మళ్లీ అడగలేదు. అన్నే, జీవితంలో ఎన్నడూ పాడనివాడు, ప్రతి ఏడు బతుకమ్మకు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పాటలు పాడటం మొదలుపెట్టాడు. శ్రుతి ఉండేది కాదు. ఒకసారి అది, "అమ్మ గిట్లనే పాడేదా బాపూ?" అని అడిగింది. గుమ్మంలో నేనున్నానని ఆయనకు తెలుసు. "గిట్లనే బిడ్డా" అన్నాడు.

మొన్న ఫోన్ చేసిన మేనకోడలు ఆ పాపే. ఇప్పుడు ఆ పాటలు దానికి అట్లాగే వచ్చు, అన్న తప్పులతో సహా. నాకు మాత్రం వదిన నడక, చీరకట్టు, నేను జరిపిన కుర్చీని చూసి ముడిచే ముఖం, అన్నీ గుర్తున్నాయి. గొంతే రావడం లేదు. మొదట్లో కళ్లు మూసుకుంటే కొంచెం వినపడేది. ఆ తర్వాత ఏ ఏడు ఆగిపోయిందో చెప్పలేను. నేను చెరిపింది ఒక్క పొద్దుటిపూటలో. మిగిలిందాన్ని కాలం తొందర లేకుండా, ఏమీ అడగకుండా, కూర్చుని చెరుపుతోంది.