మా బాపు కవాతు చేసిన సినిమా

మా చిన్నప్పుడు... గగన్‌పహాడ్ గుట్టల కింద ఒకరోజు పొద్దున్నే సినిమా వాళ్ల లారీలు వచ్చి ఆగాయి. గుడారాలు దించారు, చెక్క తుపాకులు దించారు. ఒక ట్రాక్టరుకు చుట్టూ అట్టలు కట్టి, ఆకుపచ్చ రంగేసి, ఇది యుద్ధ ట్యాంకు అన్నారు. బస్తీ పిల్లలమంతా బడి మానేసి దాని చుట్టూ చేరాం...

అప్పటికింకా పక్కనున్న శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు ఊసే లేదు.

సినిమా కథ భలే తమాషాగా ఉండేది. యుద్ధం ఎప్పుడో అయిపోతుంది. ఆ కబురు గుట్ట మీదున్న కొందరు సిపాయిలకు మాత్రం అందదు. పాపం, వాళ్లు ఎవరూ రాని దారిలో ఒక చేతిపంపుకు రాత్రింబవళ్లు కాపలా కాస్తూనే ఉంటారు... అంతే. హీరోయిన్ కూడా లేదు. "గిదేం సిన్మా?" అని మా అమ్మ మూతి తిప్పింది.

మా బాపు మాజీ సిపాయి. ఫౌజు నుంచి వచ్చాక ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పని చేసేవాడు. అందరికీ ఆయన మిలిట్రీ దేవదానం. శనివారం సాయంత్రం వాకిట్లో గోనెపట్టా పరుచుకుని బూట్లకు పాలిష్ పట్టేవాడు. ఆదివారం ఆ బూట్లేసుకుని మా అందరినీ వరసలో చర్చికి నడిపించుకుపోయేవాడు. బస్తీలో కొందరు చాటుగా నవ్వుకునేవారు. అది ఆయనకు తెలియదు... తెలిస్తే తట్టుకోలేడని మా భయం. ఆస్తిపాస్తులు లేని మనిషికి ఆ సిపాయి పరువే ఆస్తి.

సిపాయి వేషాలకు బస్తీ మగవాళ్లనే తీసుకున్నారు. వాళ్లకు కవాతు నేర్పే పని బాపుకు అప్పజెప్పారు. ఫ్యాక్టరీ కూలీలు, పాలమ్మే మల్లన్న... అందరూ ఆయన గొంతు వింటే వణికిపోయేవారు. షూటింగ్ రోజు దండు దండంతా ఒక్క మనిషిలా నడిచింది. మేం చప్పట్లు కొట్టాం. డైరెక్టర్ గారు మాత్రం తల పట్టుకున్నారు. ఆయన కోస్తా వైపు మనిషి, ఎంతో మర్యాదస్తుడు.

"బాబాయ్ గారూ, ఇంత బాగా నడిస్తే జనం నవ్వరండీ. వీళ్లు తప్పులు చెయ్యాలి."

"తప్పు నడుసుడు గూడ నేర్పాల్నా సార్?" అన్నాడు బాపు, నిజంగానే పరేషాన్ అయిపోయి.

అయినా హుకుం అంటే హుకుమే కదా. మళ్లీ వరస కట్టించి తప్పు నేర్పడం మొదలుపెట్టాడు... తనకు తెలిసిన పద్ధతిలోనే! "బాయే ముడ్" అనగానే ఎడమకు బదులు అందరూ ఒకేసారి, ఒకే ఊపున కుడికి తిరగాలి. ఆ తప్పులో కూడా ఒక్క కాలు వెనకాముందు కాకూడదు. మల్లన్న అలవాటులో సరిగ్గా ఎడమకు తిరిగితే చెడామడా తిట్టేశాడు. డైరెక్టర్ గారు నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డారు. "ఇదేనండీ నాక్కావాల్సింది" అని బాపును కూడా దండు ముందు నిలబెట్టారు.

కెమెరా తిరిగింది. "బాయే ముడ్!" అని ఆఫీసరు వేషంలో ఉన్నాయన కేక పెట్టాడు. దండంతా టకీమని కుడికి పోయింది. బాపు ఒళ్లు మాత్రం తప్పుకు ఒప్పుకోలేదు. ఎడమకే తిరిగి, వెనక ఎవరూ లేరన్న సంగతి తెలియక, ఒక్కడే చేతులూపుకుంటూ గుట్టల వైపు పోయాడు. ఆగమని చెప్పాల్సినవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. "థమ్" అని ఆపే దిక్కు లేదు కాబట్టి ఆయన ఆగలేదు...

వెళ్లి పిలుచుకొస్తే, "మంచిగొచ్చిందా సార్?" అని అడిగాడు. "బ్రహ్మాండం" అన్నారు. ఎందుకు బ్రహ్మాండమో ఎవరూ చెప్పలేదు.

సినిమా శంషాబాద్ టాకీసుకు వచ్చింది. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాతో పాటు పాస్టరయ్యగారిని కూడా తీసుకుపోయాడు. ఆ సీను రాగానే టాకీసంతా పగలబడి నవ్వింది. "అరె, గాయన్ని జూడుర... ఒక్కడే పోతుండు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఈలలు, కేకలు. పక్కన బాపు బిగుసుకుపోయి కూర్చున్నాడు. నాకైతే ఆ జనాన్నందరినీ కొరికేయాలన్నంత కోపం వచ్చింది.

ఆ శనివారం బూట్లు బయటికి రాలేదు. ఆదివారం చర్చికి చెప్పులతోనే వచ్చాడు, అదీ మా అందరి వెనకాల... ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చి, "బిడ్డా, నడువు. ఇంకోపారి సూసొద్దాం" అన్నాడు.

"మల్ల నవ్విచ్చుకుంటవా?" అంది అమ్మ. ఆయన అప్పటికే వాకిలి దాటాడు.

ఈసారి ఆ సీను వచ్చినప్పుడు బాపు తెర వైపు చూడనే లేదు. కుర్చీలో వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. పని నుంచి నేరుగా వచ్చిన కూలీలు, ఒళ్లో పిల్లలున్న ఆడవాళ్లు... కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. సీను అయిపోయినా ఆయన ఇటు తిరగలేదు.

బయటికొచ్చాక మెల్లగా అన్నాడు... "ఫౌజు డ్రెస్సుల ఉన్నన్ని దినాలు మమ్మల్ని జూసి జనం బయపడుడే సూసిన బిడ్డా. గింత సంబురపడుడు ఎన్నడు సూడలే."

కాసేపు నడిచి, "గని నా ఎడమ చెయ్యి జర కిందికి దిగింది. సూసినవా?" అన్నాడు. అని, తనే నవ్వేశాడు. హమ్మయ్య అనిపించింది నాకు.

ఇప్పుడు నేను మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటున్నాను. ఎయిర్‌పోర్టు దారిలో పోతుంటే ఆ గుట్టల జాగాలో గోదాములు కనిపిస్తాయి. ఆ టాకీసు లేదు. సినిమా అయితే రెండో వారం కూడా ఆడలేదు, ఫోన్లో ఎంత వెతికినా దొరకలేదు. ఈ రోజుల్లో మా ఇంట్లో పిల్లాడు తుమ్మినా వీడియో ఉంటుంది... బాపు పోయాక మాకు మిగిలినవి నాలుగు ఫోటోలు. అన్నింట్లోనూ అటెన్షన్‌లో నిలబడే ఉన్నాడు.

మీ ఇంటివాళ్లు ఎవరైనా ఇలా ఏ సినిమా గుంపులోనో ఒక్క క్షణం కనిపించారా? ఉంటే రాయండి, చదువుకుంటాను. అలాగే... ఎవరింట్లోనైనా పాత క్యాసెట్లో, దండంతా కుడికి పోతుంటే ఒక్కాయన ఎడమకు పోతూ కనిపిస్తే, కడుపుబ్బ నవ్వుకోండి. ఆయనేమీ అనుకోడు. నవ్వడం అయ్యాక నాకు ఒక్క కబురు పెట్టండి... మా బాపు నడక చూసి చాలా ఏళ్లయింది.