చిన్నాయన ఇంటికి పోయిన పుస్తకం

పోయిన వారం తిరుపతిలో మా ఇంటి దగ్గరి గ్రంథాలయానికి పోయినాను. మోకాళ్ల నొప్పి పట్టుకున్నాక నా నడక అంతవరకే. నోటీసు బోర్డు మీద, ఆదివారం అందరం కలిసి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుందాం, ఇష్టమున్నవాళ్లు పేరివ్వండి అని ఒక కాగితం అంటించి ఉంది. లైబ్రేరియన్ పిల్లకు నా కూతురి వయసుంటుంది. "మీకిట్లాంటివి కొత్తేమో అమ్మా, భయపడొద్దు, ఊరికే కూర్చుని మాట్లాడుకోవడమే" అని నాకు ధైర్యం చెప్పింది. నవ్వొచ్చింది. మా పాకాల ఆదివారాల గురించి ఆ పిల్లకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పేది? పేరిచ్చి ఇంటికొచ్చినాను.

మా ఆయనది రైల్వే ఉద్యోగం. పెళ్లయిన ఆరేళ్లకు ఆయనకు పాకాలకే బదిలీ అయింది. పుట్టిన ఊరికే కాపురానికి రావడం ఏ ఆడపిల్లకైనా పండగే కానీ నాకు మాత్రం సగం పండగే. ఒకే వీధిలో నాలుగిళ్ల ఎడంగా ఉండే మా నాయనకూ చిన్నాయనకూ మాటల్లేవు. కారణం నా పెళ్లి. పిలుపులప్పుడు నాయన జ్వరంతో పడుకున్నాడు. తమ్ముడే కదా ఏమనుకుంటాడులే అని శుభలేఖా కుంకుమా పక్కింటాయన చేత పంపించినాడు. "సొంత తమ్ముణ్ణి ఊరోళ్లతో పిలిపిస్తాడా" అని చిన్నాయన పెళ్లికి రాలేదు. "మంచంలో ఉన్నానని తెలిసీ చూడను రాలేదే" అని నాయన. ఇద్దరి మాటా న్యాయమే, అదే వచ్చిన చిక్కు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని స్టేషనులో రైళ్లు చూపించిన మనిషి, నా తలంబ్రాల నాడు అదే ఊర్లో ఉండి కూడా రాలేదు. ఫోటోల్లో ఆయన లేని చోటు నాకొక్కదానికే కనిపించేది.

మేము వచ్చిన ఏడాదే పాకాల గ్రంథాలయానికి చిత్తూరు నుంచి కొత్త మేడమ్ వచ్చింది. గ్రంథాలయమంటే రెండే గదులు. కాట్పాడి బండి పోతే కిటికీ రెక్కలు గడగడలాడేవి. జనం పేపరు కోసం వచ్చేవాళ్లే కానీ బీరువా తెరిపించే నాథుడు లేడు. ఆమెకు అది కష్టమనిపించి, ఆదివారం సాయంత్రాలు పుస్తకాల మాట అని మొదలుపెట్టింది. బడిపంతులుగా చేసి ఇంట్లో ఉన్న నాయనను నేను బయలుదేరదీసినాను. పొద్దున పేపరుకొచ్చే బెల్లం మండీ ఆసామిని, అంటే మా చిన్నాయనను, ఆమే పిలిచింది. ఊరికి కొత్త కదా, ఆమెకేం తెలుసు?

మొదటి ఆదివారం చిన్నాయన గడపలో అన్నను చూసి ఆగిపోయినాడు. నాయన కండువా సర్దుకున్నాడు, లేవలేదు. ఎవరు ముందు బయటికి పోతే వాళ్లు ఓడిపోయినట్టు. చిన్నాయన వచ్చి గోడవార కుర్చీలో కూర్చున్నాడు.

ఆ వారం పెట్టుకున్న నవలలో ఒకామె మొగుడి ఇల్లు వదిలి పోతుంది. పోవడం తప్పన్నాడు నాయన. చిన్నాయన మేడమ్ వైపు తిరిగి, "మేడమ్, ఆయన అంతకుముందు అధ్యాయం సరిగ్గా సదివినట్టు లేదు, కనుక్కోండి" అన్నాడు. నాయన కూడా మేడమ్‌తోనే, "రెండుసార్లు చదివినానని చెప్పండి మేడమ్" అన్నాడు. ఇద్దరి మధ్యా ఒక కుర్చీ దూరం. పాపం ఆమె అటు తిరిగి ఒకమాట, ఇటు తిరిగి ఒకమాట, నెలల తరబడి ఆ మాటలు మోసింది.

ఏ పుస్తకమైనా ఒకటే ప్రతి ఉండేది. వంతులవారీగా ఇంటికి తీసుకుపోయి చదివి, తిరిగి గ్రంథాలయంలో ఇవ్వాల. చిన్నాయన చదివిచ్చిన పుస్తకం తెరిస్తే బెల్లం వాసన వచ్చేది. నాయన ముక్కు చిట్లించేవాడు కానీ పుస్తకం దూరంగా పెట్టేవాడు కాదు.

ఒకసారి వాళ్లమ్మకు బాగలేదని మేడమ్ సెలవు పెట్టి చిత్తూరికి పోయింది. ఆదివారానికి వస్తానంది కానీ అంతవరకూ గ్రంథాలయానికి తాళమే. పుస్తకం నాయన దగ్గర ఉండిపోయింది. తర్వాతి వంతు చిన్నాయనది. నాయన రెండు రోజులు వాకిట్లో అటూ ఇటూ తిరిగి, నేను పోయినప్పుడు, "నువ్వు పోయి ఇచ్చి రామ్మా. సదవకుండా ఆదివారానికి వస్తే వాడు ఏం మాట్లాడతాడు?" అన్నాడు.

"నేను పోను నాయనా. నువ్వే పో" అన్నాను. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని, "అయితే నువ్వు గూడా రా" అన్నాడు.

నాలుగిళ్ల దూరం. ఎప్పుడూ విసురుగా నడిచే మనిషి ఆ పొద్దు నా వెనక నడిచినాడు. చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉన్నవాడు అన్నను చూసి లేచి నిలబడినాడు.

"పుస్తకం ఇచ్చిపోదామని వచ్చినా" అన్నాడు నాయన.

చిన్నాయన రెండు చేతులతో అందుకున్నాడు. "ఈడిదాకా వచ్చి వాకిట్లోనే నిలబడతావా? లోపలికి రా అన్నా."

మేడమ్ అవసరం లేకుండా ఆరేళ్లకు వాళ్లు ఆడుకున్న మొదటి మాటలవి. పిన్నమ్మ కాఫీ తెచ్చిచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఆ పొద్దు గూడా ఇట్లనే వచ్చింటే సరిపోయుండును కదా బావా" అంది. నాయన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "చివర్లో ఆ ముసలాయన వస్తాడు చూడు, ఆడ నిదానంగా సదువు" అన్నాడు. "కథ చెప్పొద్దన్నా, నేను సదువుకుంటా" అన్నాడు చిన్నాయన. మేము లేచి వస్తుంటే చిన్నాయన నా తల మీద చెయ్యి పెట్టి, "నీ పెండ్లి సూడలేకపోతి గదమ్మా" అన్నాడు. అంతవరకూ ఏడుపు ఆపుకున్నదాన్ని ఇంక ఆపుకోలేకపోయినాను.

ఆ తర్వాత వాళ్ల పోట్లాటలు నేరుగానే జరిగినాయి, ముందుకంటే గట్టిగా. మేడమ్‌కు బదిలీ అయింది, ఆదివారాలు పలచబడి ఆగిపోయినాయి. వీళ్లిద్దరు మాత్రం మా నాయన పోయేవరకూ చిన్నాయన అరుగు మీద పుస్తకాలు చదువుకుంటూ, తగువులాడుకుంటూనే ఉన్నారు. నాయన కర్మంతరం నాడు చిన్నాయన నా పక్కన కూర్చుని, "ఆరేండ్లు ఊరికే పారబోసుకున్నామమ్మా" అన్నాడు. నిజమే. పారబోసుకున్న కాలం ఎవరికీ తిరిగి రాదు. వాళ్లకూ రాలేదు. కాకపోతే ఆ తర్వాత మిగిలిన కాలాన్ని మాత్రం వాళ్లు ఒక్క ఆదివారం కూడా ఒలకనివ్వలేదు.