కుళ్లిందని రాసిన చెక్క

మా వంటింటి చెక్క కుళ్లిపోయిందని ఒక కంపెనీ మనిషి కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నా భార్య చేతికిచ్చి పోయాడు. ఆ చెక్క కుళ్లలేదు. అతను దాన్ని ముట్టుకోనైనా లేదు.

ఇది ఢిల్లీ మయూర్ విహార్‌లో, మూడో అంతస్తులోని మా ఫ్లాటులో, ఫిబ్రవరి నెల ఒక ఆదివారం పొద్దున జరిగింది. మా అమ్మాయి మాతోనే ఉంటుంది, నోయిడాలో ఉద్యోగం. వంటింటికి ఉచిత తనిఖీ అన్న ప్రకటన ఫోనులో చూసి ఆ మనిషిని పిలిపించింది తనే. వచ్చినవాడు మర్యాదస్తుడే, కాదనను. గుమ్మంలో బూట్లు విప్పాడు. మంచినీళ్లిస్తే రెండు చేతులతో అందుకున్నాడు. గోడల మీద ఎర్ర చుక్క పడేలా ఏదో యంత్రం పెట్టి నాలుగు వైపులా కొలిచాడు. సింకు కింద టార్చి వేసి చూశాడు. తర్వాత ఎడమవైపు పెద్ద అర ముందు నిలబడి, తలుపు కింది అంచున నల్లగా పాకిన మరక చూసి నాలుక చప్పరించాడు.

"ఆంటీజీ, యే తో గయా. సీలన్ హై. అందర్ సే సడ్ గయా హోగా."

చెమ్మ పట్టి లోపల కుళ్లిపోయి ఉంటుందట. నోటితో అనుమానంగా అన్నది కాగితం మీదికి వచ్చేసరికి రూఢి అయిపోయింది. ఆ కాగితంలో మూడు గళ్లున్నాయి. బాగుంది, పాలిష్ సరిపోతుంది, మొత్తం మార్చాలి. మూడో గడిలో టిక్కు పెట్టాడు. కారణం అన్నచోట రాసినదాన్ని మా అమ్మాయి పైకి చదివింది: "చెక్క కుళ్లినది. శుభ్రత లోపం."

నా భార్య కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "శుభ్రత లోపం అంటే? నేను తుడవలేదనా?" అంది.

"అమ్మా, అది వాళ్ల ఫార్మాట్. లైట్ తీసుకో."

"ముప్ఫై ఆరేళ్లు తుడిచాను. ఏం తీసుకోమంటావ్ లైటు!"

అని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, నా పింఛను పత్రాలు ఉండే ఫైలులో పెట్టేసింది. గుమస్తా భార్య. కాగితం అంటే ఏమిటో ఆవిడకు నేనే నేర్పాను. దానికి ఇప్పుడు ఎవరిని అనను?

ఈ విషయం మీద నాకంత కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి వరకే. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో బంట్రోతుగా చేరాను. సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుని, పగలు ఫైళ్లు మోస్తూ వాటి మీద పెద్దలు రాసిన నోట్లు చదివి ఇంగ్లీషు పట్టాను. డిపార్ట్‌మెంటు పరీక్ష రాసి గుమస్తానయ్యాను. నా సీటు సామాన్ల సెక్షన్లో. పాతబడిన బల్లలూ కుర్చీలూ బీరువాలూ చూసి, ఏది బాగు చేయొచ్చు, ఏది పనికిరాదు అని జాబితా రాయడం నా పని. పనికిరాదని రాస్తే అది వేలానికి పోతుంది. ఇక ఆ వస్తువు తరఫున మాట్లాడేవాడుండడు.

మొదటి వారంలోనే, కుర్చీలో కూర్చునే, గది అవతల ఉన్న పన్నెండు బల్లల్ని పనికిరానివిగా రాసేశాను. మా సెక్షన్ ఆఫీసరు ఒక పంజాబీ పెద్దాయన. జాబితా తెచ్చి నా ముందు పడేశాడు.

"ఠోక్‌కే దేఖా?"

తట్టి చూశావా అని. చూడలేదన్నాను. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఒక్కొక్క బల్ల మీదా వేలి కణుపుతో కొట్టించాడు. మంచి చెక్క తిరిగి పలుకుతుంది. పోయిన చెక్క దెబ్బను మింగేస్తుంది. ఆ పన్నెండింటిలో తొమ్మిది పలికాయి. "తొమ్మిది మందిని చంపేశావురా మద్రాసీ," అన్నాడాయన. అప్పట్లో మేమంతా వాళ్లకి మద్రాసీలమే. నన్ను ఏమన్నా పడ్డాను గానీ, ఆ తర్వాత ఉద్యోగం దిగేదాకా తట్టకుండా ఒక్క స్టూలు గురించి కూడా రాయలేదు.

ప్రభుత్వ లాటరీలో ఈ ఫ్లాటు వచ్చినప్పుడు వంటింట్లో ఒక రాతి గట్టు, ఒక సింకు, అంతే. అరలు లేవు, తలుపులు లేవు. ఆ సమయానికే ఒక పాత బంగళా తలుపులు వేలానికి వచ్చాయి. అసలైన టేకు, రెండంగుళాల మందం. వాటిని పనికిరావని రాసింది నేను కాదు, వేరే భవనంలోని వేరే గుమస్తా. ఇది ఇప్పటికీ చెప్పుకోవలసి వస్తుంది, ఎందుకంటే మా అమ్మాయి నన్ను ఏడిపించాలనుకున్నప్పుడల్లా "నాన్న స్కామ్" అంటుంది. అందరితో పాటు నేనూ పాట పాడి కొనుక్కున్నాను. రిక్షా బండి మీద వేసుకుని యమున వంతెన దాటించాను, పక్కన నేను నడుస్తూ.

సహారన్‌పూర్ వైపు నుంచి వచ్చిన వడ్రంగి ఒకతను మా బాల్కనీలో కూర్చుని ఇరవై రెండు రోజులు పని చేశాడు. నా భార్యకు అప్పటికి హిందీ రాదు. అతనికి తెలుగు ఎలా వస్తుంది? నేను ఆఫీసుకు పోతే ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. పై అర ఎంత ఎత్తులో ఉండాలని అతను అడిగితే ఈవిడ చెయ్యి పైకెత్తి చూపించింది, అతను గోడ మీద గీత గీశాడు. పెద్ద అర ఎంత లోతుండాలంటే, ఈవిడ లోపలికి వెళ్లి ఆవకాయ జాడీ తెచ్చి నేల మీద పెట్టింది. అతను దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, పక్కన ఇంకో జాడీకి చోటు వదిలి, చాలా అన్నట్టు "బస్?" అన్నాడు. ఈవిడ మూడు వేళ్లు చూపింది. అలా మా అర మూడు జాడీల అర అయింది. ఇవాళ్టి కంపెనీల లెక్కలో ఆడవాళ్లందరి ఎత్తూ ఒకటే, ఇళ్లన్నిటిలో వండేదీ ఒకటే.

వేసవి వస్తే ఈ బ్లాకులోని నాలుగు తెలుగు కుటుంబాలూ మా ఇంట్లో చేరేవి. మన కాయలు ఇక్కడ దొరికేవి కావు. మండీలో రామ్‌కేలా అనే పుల్లమామిడి కాయలు తెచ్చి, తుడిచి, టెంకతో సహా మగవాళ్లం కొట్టేవాళ్లం. ఆడవాళ్లు నేల మీద పాత చీరలు పరిచి ఆవపిండి, కారం కలిపేవారు. పప్పునూనె మాత్రం ఊరి నుంచి వచ్చేవాళ్లెవరో ఒకరు డబ్బాతో మోసుకొచ్చేవారు. ఘాటుకు పక్క ఫ్లాటు సర్దార్జీ తుమ్ముతూ వచ్చి, "క్యా యుద్ధ్ హో రహా హై?" అని అడిగి, ముక్క తిని, నీళ్ల కోసం పరుగెత్తేవాడు. మూడో రోజున తిరగ కలిపి జాడీల నిండా నూనె పోసి, గుడ్డ వాసెన కట్టి ఆ అరలో పెట్టేవాళ్లం. ఆ నూనె అంచు దాటి కాస్త కాస్తగా చెక్కలోకి దిగేది. ఏటా ఒక గోరంత దిగింది. నల్ల మరక అంటే అది. ఆ నాలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఇక్కడ మిగిలింది మేమొక్కరమే. మరక మాత్రం అందరిదీ.

కాగితం వచ్చిన వారానికి నా భార్య ఆ అర ఖాళీ చేసింది. జాడీలు బాల్కనీలోకి పోయాయి. "నా నూనే కుళ్లబెట్టిందేమో," అంది. నేను తట్టి వినిపించాను. "మీకు అన్నీ పలుకుతూనే ఉంటాయి," అంది.

కంపెనీ అంచనా రెండు లక్షల తొంభై వేలు. వాళ్లు పెట్టేది రంపపుపొట్టును జిగురుతో అదిమిన పలక, పైన మెరిసే కాగితం. వారంటీ పదేళ్లు. సన్న అక్షరాలు నేను భూతద్దం పెట్టి చదివాను. నీళ్లు తగిలి ఉబ్బితే వారంటీ వర్తించదట. వంటింట్లో! పాలిష్ చేయిస్తే ఎంతవుతుందని నేను ఫోను చేసి అడిగితే, అవతల ఫోనెత్తిన అమ్మాయెవరో, "సార్, పాలిష్ ఈజ్ నాట్ వర్త్ ఇట్," అంది. ఏది దేనికి తగిన విలువో ఆవిడ ఫోనులోనే తేల్చేసింది.

మా అమ్మాయితో వాదన పడింది.

"నాన్నా, నువ్వు చెక్క గురించి గంట మాట్లాడతావు. అమ్మ మోకాళ్ల గురించి ఒక్క నిమిషం మాట్లాడవు. ఆ కింది అరలో గిన్నె కావాలంటే అమ్మ నేల మీద కూర్చుని దేకాలి. కొత్తదైతే సొరుగు లాగితే బయటికొస్తుంది. నీ బర్మా టేకు లాగితే వస్తుందా?"

 ముప్ఫై ఆరేళ్ల కిందట చెయ్యెత్తి చూపించిన మనిషి ఇప్పుడు వంగలేకపోతోందని నేను చూడలేదు. కంపెనీవాడు చెక్కను తట్టలేదని గొంతు చించుకుంటున్నాను గానీ, నేను చూడవలసింది నేనూ చూడలేదు. ఇది రాయకపోతే నేనూ కుర్చీలో కూర్చుని జాబితా రాసినవాణ్నే అవుతాను.

కీర్తి నగర్ నుంచి ఒక ముసలి పాలిష్ మేస్త్రీని పిలిచాను. నేను నోరు విప్పేలోపలే అతను వేలి కణుపుతో తలుపు మీద మూడు చోట్ల కొట్టాడు. తర్వాత మరక మీద ముక్కు పెట్టాడు.

"అచార్?" పచ్చడి నూనేనా అని.

"హా, ఆమ్ కా."

"తేల్ పీకే బైఠా హై, బాబూజీ. ఇసే దీమక్ భీ నహీ ఛువేగా."

నూనె తాగి కూర్చుంది, దీన్ని చెదలు కూడా ముట్టుకోవు అని. నేను నా భార్య వంక గెలిచినవాడిలా చూశాను. ఆవిడ కదలలేదు. "మీరు పిలిచిన మనిషి మీకు నచ్చినట్టే చెబుతాడు. రాసినవాడు ఆ రాతను కొట్టేస్తే అది వేరు," అంది. న్యాయమే. రికార్డులో ఉన్న మాటను పక్కవాడు చెరపలేడు.

మేస్త్రీ తన కొడుకుతో కలిసి తొమ్మిది రోజులు చేశాడు. సింకు కింద పలక మాత్రం నిజంగానే పోయింది. ఉలి పెడితే తడి రస్కులా విరిగింది. ఒప్పుకున్నాను, మార్పించాను. కింది అరలన్నీ విప్పి, అదే టేకుతో సొరుగులు చేయించాను. వేలితో లాగితే జారి వచ్చేలా కొత్త పట్టాలు వేశారు. తుప్పు పట్టిన బందులు తీసేశారు. గరుకు కాగితం పడేసరికి పాత పాలిష్ మసి రాలి, లోపలి నుంచి తేనె రంగు బయటికొచ్చింది. ఇల్లంతా టేకు వాసన. బాల్కనీలో ఆ ఇరవై రెండు రోజులూ నాకు తిరిగి వచ్చినట్టు అనిపించి, పేపరు మడిచి అక్కడే స్టూలు మీద కూర్చునేవాణ్ని. లక్క, స్పిరిట్ కలిపి గుడ్డ ఉండతో ఆరు పూతలు పూశారు. మొత్తం డెబ్బై ఒక్క వేలు. సొరుగులకే సగం అయింది. చవక అని నేననను. కానీ కంపెనీ లెక్కలో నాలుగో వంతుకి, ఇంకో ముప్ఫై ఏళ్లు నిలిచే వంటిల్లు.

మా అమ్మాయి సొరుగు లాగి, మూసి, మళ్లీ లాగి, "ఠీక్ హై నాన్నా. నాట్ బ్యాడ్," అంది. నా భార్య గిన్నెలన్నీ సొరుగుల్లో సర్దుకుంది. పెద్ద అర మాత్రం ఖాళీగానే ఉంచింది. మండీలో కాయ వచ్చింది. నేను చెప్పాను. "ఈ ఏడు వద్దులెండి," అంది. పెళ్లయ్యాక ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు.

అప్పుడు నేను కంపెనీకి రాయడం మొదలుపెట్టాను. డబ్బు అడగలేదు, క్షమాపణ అడగలేదు. ఆ రెండు ముక్కలు, చెక్క కుళ్లినది అన్నదీ, శుభ్రత లోపం అన్నదీ, రాసినవాడే కొట్టేసి సంతకం పెట్టాలి, అంతే. మెయిలు పంపితే మరుక్షణం జవాబొచ్చింది, నా అభిప్రాయం వారికి చాలా విలువైనదని. ఏ అభిప్రాయమో చదివినవాడు లేడు. అందుకని హిందీలో, చేతిరాతతో, రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. ఒకటి కాదు, నాలుగు. ప్రతిదాంట్లో ఆ మరక ఆవకాయ నూనెదనీ, ఈ ఏడు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదనీ రాశాను, ఆ కాగితం నకలు జత చేశాను, ముందరి ఉత్తరాల తేదీలు వరసగా ఉటంకించాను.

"నాన్నా, ఈ రోజుల్లో పోస్టులో ఎవరు రాస్తారు? ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి వదిలెయ్."

"స్టార్ ఇస్తే అమ్మ జాడీలు లోపలికొస్తాయా?"

 నాలుగో ఉత్తరం మాత్రం అమ్మాయే ఆఫీసుకు వెళ్తూ పోస్టు చేసింది.

జూన్ దాటింది. కాయ పండబారుతున్న రోజుల్లో ఒక కవరు వచ్చింది. కంపెనీ ముద్ర లేదు. గీతల నోటుపుస్తకం లోంచి చింపిన కాగితం, హిందీలో, కుదురైన దస్తూరి. దాన్ని వంటింటి గుమ్మంలో నిలబడి నా భార్యకు తెలుగులో చదివి వినిపించాను:

"అంకుల్‌జీ, నమస్తే. మీ నాలుగు ఉత్తరాలూ మా ఆఫీసులో ఎక్కడెక్కడో తిరిగి నిన్న నా చేతికొచ్చాయి. సింకు కింద టార్చి వేసి చూశాను, ఆ పలక పోయింది. పెద్ద అర తలుపు మాత్రం నేను తెరవలేదు. మరక చూసి రాసేశాను. రోజుకు ఏడిళ్లు చూడాలి, పాత చెక్క ఉంటే మూడో గడి అని మాకు ట్రైనింగులోనే చెబుతారు. శుభ్రత లోపం అన్నది నేను రాయవలసిన మాట కాదు. మీ ఇల్లు శుభ్రంగా ఉంది, నాకిచ్చిన గ్లాసు కూడా తళతళలాడింది. మీరడిగిన కాగితం మీద రెండు మాటలూ కొట్టేసి, సంతకం, తేదీ వేసి దీంతో పంపుతున్నాను. మా ఊళ్లో మా అమ్మ ఆవనూనె పచ్చడి పెట్టే అర కూడా ఇలాగే నల్లగా ఉంటుంది. దాన్ని కుళ్లిందని ఎవరైనా రాస్తే ఆవిడ ఊరుకోదు. ఆంటీజీని ఈ ఏడు కూడా పెట్టమని చెప్పండి."