గునుగు మడి

పోశవ్వ చేలో ఒక మడిని చూసి ఊళ్ళో నవ్వని వాళ్ళు లేరు. చుట్టూ జొన్న దువ్వినట్టు నున్నగా ఉంటే ఆ మడిలో మాత్రం గునుగు కలుపు నడుమెత్తు పెరిగింది. "ఏంది వదినె, జొన్న వేసినవా, గునుగు వేసినవా?" అని ఆడబిడ్డ లస్మవ్వ దెప్పినప్పుడల్లా పోశవ్వకు తల కొట్టేసినట్టుండేది. కలుపు పెరిగిన చేను, కసువు ఊడ్వని ఇల్లు ఆమె కంటికి ఒకటే.

కానీ ఏం చేస్తుంది, మాటిచ్చింది. వాళ్ళ ఊరు గోదావరిఖని నుంచి మంథని పోయే తోవలో ఉంది. మగడు ఆగయ్య బొగ్గుబాయిలో కుదిరినప్పటి నుంచి సేద్యం భారమంతా ఆమెదే. డెబ్బై ఒకటిలో పట్నంలోని వ్యవసాయ కాలేజీ, అమెరికాలోని ఇంకో కాలేజీ కలిసి జొన్న చేలలో కలుపు మీద పరీక్షలు పెట్టాయి. ఆ పని మీద వామనరావు అనే మంథని అబ్బాయి వచ్చి ఆమె చేను అడిగాడు. గూటాలు పాతి, తాళ్ళు కట్టి, మళ్ళు విడదీసి, ఒక మడిలో కలుపే తియ్యొద్దన్నాడు.

"పోశవ్వా, గీ మడిల గొడ్డు పడొద్దు. కొడవలి పెట్టొద్దు. నాది టెంపరరీ నౌకరీ. గీ పరీక్ష చెడిందంటే ఇంటికి పొమ్మంటరు. నీ చేతులనే ఉన్నది."

"నువ్వు ఫికర్ చెయ్యకు సారూ. నేనుండంగ పిట్టను గుడ వాలనియ్య" అంది పోశవ్వ. అన్నట్టే మేకలను తరిమింది, గొడ్లను తోలింది, నవ్వినవాళ్ళను తిట్టిపోసింది. అయితే ఆమె కాపలా కాసిందంతా జొన్నకే. కలుపును కాయాలని ఏ రైతుకు తడుతుంది?

బతుకమ్మ పండుగ రానే వచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే ఆడపిల్లలంతా తంగేడు, గునుగు వెతుక్కుంటూ చేల మీద పడ్డారు. బతుకమ్మకు కోసే గునుగు ఏ చేలో ఉన్నా అందరిదీ. వద్దన్న మనిషిని ఊరు ఏడాదంతా ఎత్తిపొడుస్తుంది. తెల్లగా మెరిసిపోతున్న ఆ మడిని చూసి పిల్లలు ఆగారు. పోశవ్వకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళు నవ్విన నోళ్ళు ఇప్పుడు అడుక్కుంటున్నాయి మరి.

"రాండ్రి బిడ్డా, జొన్న తొక్కకుండ తెంపుకోండ్రి" అని తనే ముందు దిగి ఒడి నింపుకుంది. ఆ సాయంత్రం పోశవ్వ బతుకమ్మే ఊళ్ళో ఎత్తుగా నిలిచింది. ఆట ఆడి, నీళ్ళలో వదిలి, సంబరంగా ఇంటికొచ్చేసరికి ఆగయ్య డ్యూటీ దిగి వచ్చి ఉన్నాడు.

"బస్సు కాడ వామనరావు సారు కలిసిండే. రేపు అమెరికా దొర వస్తున్నడట, హంసన్న దొర." ఆ దొర పేరు హాన్సన్. ఆగయ్య నోట్లో పడి హంసన్న అయ్యాడు. "గునుగు లెక్కపెట్టనీకె వస్తున్నడట. గునుగు మంచిగున్నదా అని అడిగిండు."

పోశవ్వ ఉన్నచోటే కూలబడింది. "అయ్యో, పిలగాని నోట్లె మన్ను పోసిన గదనే" అని వెంట వచ్చిన లస్మవ్వను పట్టుకుని ఏడ్చింది.

మేకలు మేశాయని చెప్పమంది లస్మవ్వ. పోశవ్వ ఒప్పుకోలేదు. కాపలా ఉండి మేకలను మేయనిచ్చానంటే అది ఇంకా సిగ్గు. చివరికి తెల్లవారకముందే ఇద్దరూ పక్క రైతు రాయమల్లు బీడులో మిగిలిన గునుగు కోసుకొచ్చి, ఒక్కో కొమ్మనూ ఆ మడిలో గుచ్చారు. దూరం నుంచి చూస్తే మడి నిన్నటిలాగే ఉంది. మునిగేవాడికి గడ్డిపోచే ఆధారం అంటారు, పోశవ్వకు గునుగుపువ్వు దొరికింది.

జీపు వచ్చింది. వామనరావు మడిని చూసి మురిసిపోయాడు. హాన్సన్ చతికిలబడి, లెక్కపెట్టే చోటుకు గుర్తుగా ఇనుప చట్రం ఒకటి మడిలో పడేసి, అందులోని కొమ్మను పట్టుకున్నాడు. పట్టుకోగానే అది చేతిలోకి వచ్చేసింది. దాని కొస చూశాడు. ఇంకొకటి లాగాడు, అదీ వచ్చింది. వేరు లేదు. వామనరావు వైపు చూశాడు. ఆ అబ్బాయి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

పోశవ్వ ఇక ఆగలేకపోయింది. "సారూ, పిలగాన్ని ఏమనకుండ్రి. నేనే తెంపిన. బతుకమ్మకని ఊరంత తెంపినం. కొడవలి మాత్రం పెట్టలే, చేతులతోనే తెంపినం. ఇవి పొద్దుగాల గుచ్చినయి." చేతులు జోడించి నిలబడింది.

వామనరావు తడబడుతూ అదంతా ఇంగ్లీషులో చెప్పాడు. హాన్సన్ మడిలో వంగి, జొన్న మొదళ్ళ మధ్య వేళ్ళతో వెతికి, ఏదో అడిగాడు.

"అవ్వా, వేర్లతోని పీకిండ్రా?" అన్నాడు వామనరావు.

"గదేం మాట సారూ! బతుకమ్మకు పువ్వు తెంపుతం గని వేరు పీకుతమా?"

ఆ మాట ఇంగ్లీషులోకి మారగానే హాన్సన్ పకపక నవ్వాడు. వామనరావు మాత్రం గట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. "పువ్వులతోని పని లేదవ్వా. మొదళ్ళు ఎన్ననేదే లెక్క. మొదళ్ళన్ని ఉన్నయి. నువ్వు తెంపింది తప్పు గాదు, గుచ్చిందే తప్పు!"

పోశవ్వ గుండె మీది బండ దిగింది. గుచ్చినవన్నీ ఆమే పీకి పారేసింది. వేళ్ళు లేనివి, ముట్టుకుంటే వచ్చేశాయి. లెక్క ముగిసేదాకా గట్టు మీద నిలబడి, ఆ దొరకు, వామనరావుకు మజ్జిగ కలిపిన జొన్న గటక పోసింది. హంసన్న దొర రెండోసారి అడిగి తాగాడు.

వామనరావు నౌకరీ ఆ చలికాలంలోనే పక్కా అయింది. మరుసటి వానాకాలం గూటాలు, తాళ్ళు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. మళ్ళన్నీ కొలిచాక, బాట పక్కన ఇంకో మడికి తాడు కట్టాడు.

"గిదేంది సారూ? కిందటేడు లేదు గద."

"గిది బతుకమ్మ మడి అవ్వా. దొరకు గుడ చెప్పిన, పెట్టమన్నడు. పండుగకు గీ మడిల తెంపుకోండ్రి."

"నిజంగనా? ఎంతన్న తెంపచ్చా?"

"ఎంతన్న తెంపుండ్రి" అన్నాడు వామనరావు. "గుచ్చకుండ్రి, చాలు."