రాగి కాని రాయి

గచ్చిబౌలిలో ఇప్పుడు ఆఫీసు బస్సులు వరసగా ఆగే చోటికి కాస్త వెనకగా, నా చిన్నప్పుడు మా ఇల్లు ఉండేది. చుట్టూ ఇంటికన్నా ఎత్తయిన రాతి గుండ్లు. మా ముందు గదిలో కోస్తా నుంచి వచ్చిన ఒకాయన కిరాయికి ఉండేవారు. ఖనిజాలు వెతికే సర్కారు ఆఫీసులో ఆయన ఉద్యోగం. భార్య పోయింది, పిల్లలు లేరు. నేను ఆయన్ని తాతయ్యా అని పిలిచేదాన్ని.

తాతయ్య దగ్గర గళ్లు గళ్లుగా ఉన్న చెక్కపెట్టె ఒకటి ఉండేది. గడికొక రాయి. బడి నుంచి వచ్చి ఆయన గడప మీద కూర్చుంటే, ఒక్కో రాయి ఏ ఊరిదో, భూమిలో ఎంత లోతు నుంచి వచ్చిందో చుట్టాల కబుర్లు చెప్పినట్టు చెప్పేవారు. అన్నీ చేతికిచ్చేవారు కానీ, ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోవద్దనేవారు. అది పిడికెడంత రాయి, అచ్చం తోమిన రాగి రంగు. ఓ మూలన లేతాకుపచ్చ పొర కట్టి ఉండేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకు కామెర్లు వచ్చాయి. మంచం మీదే ఉండేది. కళ్లు పసుపు ముద్దల్లా ఉండేవి. మా నాన్న తల్లి, బాపమ్మ, రోజూ రాగి చెంబులో నీళ్లు నిలవ పెట్టి పొద్దున్నే అమ్మకు తాగించేది. ఆ నీళ్లతోనే అమ్మ లేచి కూర్చుంటుందని ఆమె నమ్మకం. ఆమె నమ్మితే నేనూ నమ్మినట్టే. అంతలో చెంబు అడుగున చిల్లి పడింది. మాటు వేయించడానికి నాన్న దాన్ని చందానగర్ పట్టుకెళ్లాడు. నాలుగు రోజులైనా అది రాలేదు. అమ్మ ఇంకా నీరసించింది.

ఆ సాయంత్రం తాతయ్య ఇంట్లో లేని వేళ చూసి, పెట్టె మూత తీసి ఆ రాయి తెచ్చాను. రాగి చెంబు లేకపోతే ఏం, రాగి రాయి ఉంది కదా అనుకున్నాను. అమ్మ తలాపున ఉన్న మంచినీళ్ల కుండలో దాన్ని మెల్లగా జారవిడిచాను. తెల్లవారి నేనే ఒక గ్లాసు ముంచి అమ్మకు తాగించాను. ఆ పని చేసినందుకు నాకెంత గర్వంగా ఉందో ఇప్పటికీ గుర్తే.

కాసేపటికి తాతయ్య పెట్టె తెరిచి చూసుకున్నారు. నన్ను పిలిచి, నా ఎత్తుకు వంగి, ఆ రాయి తీశావా అని నెమ్మదిగా అడిగారు. తలూపాను. ఎందుకు తీశావని అడిగారు.

"అమ్మకు పానం మంచిగ గావాలని కుండల ఏసిన తాతయ్యా."

ఆయన మొహంలో రంగు పోయింది. "అమ్మ తాగిందా?" అన్నారు. ఒక గ్లాసు తాగిందన్నాను.

ఆ తర్వాత అంతా క్షణాల్లో జరిగింది. ఆయన పరుగున లోపలికి వెళ్లి కుండ బయటపెట్టారు. తన ఆఫీసు జీపు తెప్పించి అమ్మను దవాఖానకు తీసుకెళ్లారు. పొద్దుగూకే దాకా డాక్టర్లు అమ్మను కళ్ల ముందే ఉంచుకుని చూశారు. ఏమీ కాలేదు. ఆ రాయి మామూలు నీళ్లలో అంత త్వరగా కరగదట. 

కుండలో రాయి ఎట్లా పడిందని బాపమ్మ నిలదీసింది. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. బయటికి రాలేదు. తాతయ్య నా వైపు చూడకుండా అన్నారు: "తప్పు నాదేనండి. విషమున్న రాయిని జాగ్రత్త చెయ్యలేదు."

బాపమ్మ ఇగ ఒక్క పూట కూడా ఉండొద్దంది. 

మర్నాడు పొద్దున సామాను సర్దుకున్నాక నన్ను గుండ్ల దగ్గరికి పిలిచారు. విరిగిన పింగాణీ కప్పు గరుకు అంచు మీద ఒక రాగి తీగను గీశారు. ఎర్రటి గీత పడింది. ఆ రాయిని గీస్తే నల్లటి గీత పడింది. నన్ను కాస్త ఎడంగా నిలబెట్టి రాయి అంచు మీద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టారు. ఎల్లిగడ్డ వాసన వస్తోందన్నాను.

"అది వెల్లుల్లి వాసన కాదు, పాషాణం వాసనమ్మా, ఆర్సెనిక్ అనే విషం. ఇందులో రాగి రవ్వంత కూడా లేదు. ఉన్నది నికెలూ, పాషాణమూ."

మన గుండ్లలో ఇది దొరకదని, భూమి లోతుల్లో సలసల కాగిన నీళ్లు పగుళ్ల గుండా పైకి వచ్చిన చోట, వెండి పక్కన, కోబాల్టు పక్కన పుడుతుందని చెప్పారు. రాగి కాదు కాబట్టి దాని మీది ఆకుపచ్చ కూడా రాగి చిలుము కాదట. ఎక్కడో దూరదేశంలో పూర్వం గని కూలీలు దీన్ని రాగి అనుకుని కొలిమిలో వేసి, రాగి రాకపోగా జబ్బున పడ్డారట. ఏదో కొంటె దయ్యం మోసం చేసిందని తిట్టుకున్నారట. ఆ దయ్యం పేరే తర్వాత నికెల్ అనే లోహానికి నిలిచిపోయిందట.

చివరికి నా తల మీద చెయ్యి వేసి, "ముట్టుకోవద్దన్నాను గానీ ఎందుకు వద్దో నీకు చెప్పలేదు. అందుకే తప్పు నాదన్నాను," అన్నారు.

జీపు కదిలింది. నేను అక్కడే నిలబడిపోయాను.

మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు అమ్మ పక్కన పడుకుని అంతా చెప్పేశాను. అమ్మ కోప్పడలేదు. నాన్నను వెంటనే ఆయన ఆఫీసుకు పంపింది. అప్పటికే ఆయన్ని వేరే రాష్ట్రానికి బదిలీ చేశారట. రెండు ఉత్తరాలు రాయించాం. జవాబు రాలేదు. సంగతి తెలిశాక బాపమ్మ చాలా రోజులు ఆ ముందు గదిని కిరాయికి ఇవ్వలేదు. అమ్మ కోలుకుని, నా పెళ్లి చేసి, నా పిల్లల్ని కూడా ఎత్తుకుంది.

ఆఫీసులకు వెళ్లే తల్లులు పిల్లల్ని వదిలివెళ్లే ఒక బాలకేంద్రంలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఏ పిల్ల చేతిలోంచి ఏది తీసుకున్నా, పక్కన కూర్చుని ఎందుకు తీసుకున్నానో చెప్పేదాన్ని. పని తెమలదని తోటివాళ్లు విసుక్కునేవారు. ఇప్పుడు మనవరాలి దగ్గరా అంతే.

ఆ గుండ్లను ఎప్పుడో పగలగొట్టి అద్దాల మేడలు కట్టారు. ఇప్పటికీ ఆ దారిన నడుస్తుంటే, తాతయ్యలా పంచె కట్టుకున్న పెద్దాయన ఎవరైనా కనిపిస్తే నా అడుగు ఆగుతుంది. ఆయన ఈ లోకంలో ఉండే వయసు కాదని లెక్క తెలుసు. అయినా దగ్గరికి వెళ్లి మొహం చూస్తాను. తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, అందరి ముందూ "నేనే ఏసిన" అనాలని ఉంది. అమ్మ బతికిందని ఆయనకు చెప్పాలని ఉంది.