స్కేలుగారి పెట్టెల వరస

ఆ ఆస్పత్రిలో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా వినపడదు. అందరికీ ఆయన స్కేలుగారు. కంప్యూటరు గదిలో ఆయన బల్ల మీద అడుగు పొడుగు స్టీలు స్కేలు ఎప్పుడూ ఉంటుంది. గీతలు గియ్యడానికి కాదు, మానిటరు అద్దానికి ఆనించి కొలవడానికి. రోగి పేరు రాసే పెట్టె, వయసు రాసే పెట్టె, ఫోను నంబరు పెట్టె ఒకే గీత మీద ఉన్నాయా లేదా అని ఒక కన్ను మూసి చూస్తారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ పూట ఆయనకు అన్నం సహించదు.

ఇరవై ఏళ్లు ప్రెస్సులో పేజీలు కట్టిన చెయ్యి అది. ప్రెస్సు మూతపడ్డాక ఆస్పత్రిలో చేరి, గుమాస్తాలు కంప్యూటరులో నింపే తెరలను తయారుచేసే పనిలో కుదురుకున్నారు. డిజైను సాఫ్ట్‌వేరులో పెట్టెలను మౌసుతో లాగి కావలసిన చోట పెడతారు. సేవ్ చేస్తే అదొక ఫైలవుతుంది. గుమాస్తా కంప్యూటరు తెరవగానే ప్రోగ్రాము ఆ ఫైలును చదివి, అందులో రాసివున్నట్టు తెరను కట్టి నిలబెడుతుంది. ఫైలులో ఏం రాసివుంటుందో స్కేలుగారు పదకొండేళ్లలో ఒక్కసారీ తెరిచి చూడలేదు. పొయ్యి వెలిగితే చాలు, సిలిండరు కోసి చూస్తామా అనేవారు.

ఫోనులో అపాయింట్‌మెంట్లు రాసుకునే బల్ల దగ్గర కొత్త ఆపరేటరు చేరేదాకా అలాగే గడిచింది. ఆమెకు ముప్పై దాటాయి. పుట్టుకతోనే చూపు లేదు. ఒక ఫ్యాక్టరీ టెలిఫోను బోర్డు మీద ఎనిమిదేళ్లు పనిచేసి, బోర్డు తీసేశాక ఇక్కడికి వచ్చింది. నెల రోజులు పరీక్షగా పెట్టుకున్నారు. ఎడమ చెవిలో ఫోను, కుడి చెవిలో కంప్యూటరు గొంతు. మౌసుతో ఆమెకు పనిలేదు. ట్యాబ్ మీట నొక్కుతూ ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు వెళ్తుంది. ఏ పెట్టెలో ఉందో కంప్యూటరు చదివి చెబుతుంది. ఆ వేగం పక్కవాళ్లకు కుట్టుమిషను చప్పుడులా వినిపించేది.

పద్దెనిమిది రోజుల్లో ఆమె బల్ల మీద ముప్పై ఒక్క తప్పులు దొర్లాయి. ఎక్కువగా వయసు లేకుండానో, తేదీ లేకుండానో వివరాలు నమోదయ్యాయి. పరగడుపున రావాలన్న పెట్టె ఖాళీగా పోవడంతో ఒకాయన శుభ్రంగా టిఫిను చేసి రక్తపరీక్షకు వచ్చి, నర్సుతో పోట్లాడి వెళ్లాడు. సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు, లెక్క మనిషి. నెలాఖరుకు కూడా ఇలాగే ఉంటే వేరేవాళ్లను చూసుకుంటామని ఆమెకే ముఖం మీద చెప్పేశాడు. ఇంకా పన్నెండు రోజులున్నాయి.

ఆ మధ్యాహ్నం ఆమె చేతికర్రతో గోడ తడుముకుంటూ కంప్యూటరు గదికి వచ్చింది.

"స్కేలుగారంటే మీరేనా అన్నా?"

"అందరూ అలాగే అంటారు. కుర్చీ నీ ఎడమ పక్కనుంది, కూర్చో అమ్మా."

"మీ తెరలో పెట్టెలు చెల్లాచెదురుగా ఉన్నాయన్నా."

పక్క బల్ల దగ్గర ప్రోగ్రామరమ్మాయి నవ్వు ఆపుకోవడానికి నీళ్ల సీసా ఎత్తింది.

"చెల్లాచెదురా," అన్నారు స్కేలుగారు. "ఈ పదకొండేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదమ్మా. కావాలంటే కొలిచి చూపిస్తాను."

"చూపించండి, చూస్తాను," అంది ఆమె.

స్కేలు మీదకు వెళ్లిన ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది. మాట ఆమే అందుకుంది. "తప్పుగా అనుకోకండి. ఫ్యాక్టరీ బోర్డు పోయాక మూడు చోట్ల ఇలాగే నెల రోజులు పరీక్షకు పెట్టుకుని పంపేశారన్నా నన్ను. నాలుగోది కూడా పోతే ఇంట్లో ఇక ఉద్యోగాల మాటే వద్దంటారు. ఒకసారి మీ మానిటరు ఆపేసి, ఈ హెడ్‌ఫోను పెట్టుకుని మీరే నింపండి. నేను రోగిని."

స్కేలుగారు మానిటరు ఆపారు. ట్యాబ్ నొక్కారు. పేరు వచ్చింది, నింపారు. భర్త లేదా తండ్రి పేరు, ఊరు, ఫోను. తర్వాత సేవ్ బటను వచ్చింది. నొక్కేసి, అయిపోయిందన్నారు.

"నాకు వయసు లేదా అన్నా?"

"వయసు పెట్టె పేరు పక్కనే కదమ్మా ఉంది."

"మీ కంటికి పక్కనే. నాకు సేవ్ దాటాక వస్తుంది. దాని తర్వాత తేదీ, ఆ తర్వాత పరగడుపు. ఇరవై మూడు విభాగాలకు ఇరవై మూడు తెరలు, ఒక్కోదానికి ఒక్కో వరస. కళ్ల డాక్టరుకి సేవ్ తర్వాత రెండు పెట్టెలు, ఎముకల డాక్టరుకి ఐదు. అన్నీ బట్టీ పట్టాను. నిన్న పొద్దున చర్మం వాళ్లది మారిపోయింది."

"నిన్న అందులో ఒక పెట్టె చేర్చాను," అన్నారు స్కేలుగారు నెమ్మదిగా.

ఆమె వెళ్లాక ప్రోగ్రామరమ్మాయి ఆ ఫైలును మామూలు అక్షరాల్లో తెరిచి చూపించింది. కొక్కేల్లాంటి గుర్తుల మధ్య మాటలు. ప్రతిదానికీ తెరిచే గుర్తు ఒకటి, మూసే గుర్తు ఒకటి, మధ్యలో ఇంకొన్ని. డబ్బాలో డబ్బా పెట్టినట్టుంది. ఒక్కో పెట్టె కింద దాని పేరు, ఎడమ అంచు నుంచి ఎన్ని పిక్సెల్ చుక్కలు, పై అంచు నుంచి ఎన్ని చుక్కలు అన్న అంకెలు.

"తెర మీద ఎక్కడ కనపడాలో ఈ అంకెలు చెబుతాయి బాబాయ్. ట్యాబ్ నొక్కినప్పుడు మాత్రం వీటిని ఎవరూ అడగరు. ఫైల్లో ముందెవరుంటే వాళ్ల దగ్గరికి ముందు పోతుంది, అంతే."

స్కేలుగారు ఫైలును పై నుంచి కిందికి చదివారు. వయసు పెట్టె నాలుగేళ్ల కిందట పిల్లల డాక్టరు అడిగితే చేర్చింది. పరగడుపు పెట్టె నిరుడు ల్యాబువాళ్లు అడిగింది. ఆయన ప్రతిదాన్నీ అందంగా లాక్కెళ్లి దాని స్థానంలో కూర్చోబెట్టారు. ఫైలు మాత్రం వచ్చినదాన్ని వచ్చినట్టు అడుగున పడేసుకుంటూ పోయింది. ఎవరు ఎప్పుడు ఏం అడిగారో ఆ వరసలోనే ఉంది అంతా. కళ్లున్నవాళ్లు మౌసుతో నొక్కుకుని పని కానిచ్చేవారు కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ పట్టలేదు.

మర్నాడు ఆయన చర్మ విభాగం ఫైలును చేత్తోనే సరిచేయబోయారు. వయసు ముక్కను కత్తిరించి పేరు కింద అతికించారు. ప్రెస్సులో చేసిన పనే కదా అనుకున్నారు. మూసే గుర్తు ఒకటి కత్తిరించిన చోటే ఉండిపోయింది. తెర తెరుచుకోలేదు. ఇరవై నిమిషాలు ఆ విభాగం ఫోన్లు ఆగాయి.

సూపరింటెండెంటు కంప్యూటరు గది గుమ్మం దాకా వచ్చాడు. "ఉన్నది ఒక సమస్య. మీరు రెండోది తయారుచేశారు."

"ఆవిడకు సాయం చేద్దామని..."

"ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ బల్ల పేరు మీదే పడ్డాయి. మంచి సాయమే."

సూపరింటెండెంటు వెళ్లాక ప్రోగ్రామరమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "చేత్తో ముట్టుకోవద్దని చెప్పాను కదా."

"చెప్పలేదు."

"చెప్పాల్సింది. సాఫ్ట్‌వేరులో వరస మార్చే సదుపాయం ఉంది కానీ, ప్రతి పెట్టెనూ నొక్కుకుంటూ పోవాలి. ఒకటి తప్పితే మళ్లీ మొదటికి. ఇరవై మూడు ఫైళ్లు, ఒక్కోదాంట్లో నలభై పెట్టెలు. ప్రెస్సులో రసీదు పుస్తకాలకు నంబర్లు వేయడానికి చిన్న చిన్న ప్రోగ్రాములు, స్క్రిప్టులు రాసేవాడినన్నారు కదా. ఇదీ అంతే. ఇలాంటి ఫైళ్లను చదివిపెట్టే సరంజామా పైథాన్ భాషలో సిద్ధంగా ఉంది. గుర్తుల సంగతి అదే చూసుకుంటుంది. మీకేం కావాలో మీరు అడగడమే."

ఆయన అడిగింది సులువైనదే. ప్రతి పెట్టె పేరు, ఎడమ అంకె, పై అంకె తియ్యి. పై నుంచి కిందికి, ఒకే గీత మీదున్నవాటిని ఎడమ నుంచి కుడికి పేర్చు. ఫైలు వరస ఒక పక్క, కంటి వరస ఒక పక్క చూపించు. పద్నాలుగు పంక్తుల స్క్రిప్టు. సాయంత్రానికి నడిచింది.

కంటి వరస కూడా గందరగోళంగానే వచ్చింది. పేరు కంటే ముందు వయసు, ఫోను కంటే ముందు ఊరు. స్కేలుగారు అంకెలు చూశారు. పేరు పెట్టె పై నుంచి నూట ఇరవై చుక్కల దగ్గర, వయసు పెట్టె నూట పంతొమ్మిది దగ్గర ఉన్నాయి. ఒక్క చుక్క పైనుంది కాబట్టి స్క్రిప్టు దాన్ని పై గీతగా లెక్కేసి ముందు పెట్టింది. మిగతా ఫైళ్లూ అంతే. పదకొండేళ్లు గీత మీద నిలబెట్టాననుకున్న పెట్టెల్లో సగం గీత మీద లేవు. స్కేలు తీసి అద్దానికి ఆనించి చూశారు. స్కేలుకు అన్నీ సమంగానే ఉన్నాయి.

మర్నాడు ఆయన చేసిన పని చూసి ప్రోగ్రామరమ్మాయి తల పట్టుకుంది. ఫైలు తరవాత ఫైలు తెరిచి, పెట్టెలను ఒక్కో చుక్క కిందికీ పైకీ జరుపుతూ కూర్చున్నారు. సాయంత్రం దాకా అదే పని. మూడు ఫైళ్లయ్యాయి.

ఇంట్లో భార్య జాకెట్లు కుడుతుంది. భోజనం దగ్గర సంగతంతా విని అడిగింది. "ఆ పిల్లకు ఇంకెన్ని రోజులుంది?"

"తొమ్మిది."

"ఇల్లు కాలుతుంటే వాకిలి ఊడ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

"అది కాదే, గీత అంటే గీతే కదా."

"గళ్ల బట్ట కోసేటప్పుడు నూలుపోగు అటో ఇటో పోతే నేను బట్ట పారేస్తానా? పోగు పోగే, గడి గడే. మీ కంప్యూటరుకు ఆ మాట చెప్పుకోండి. పెరుగు వేసుకోండి ముందు."

ఆయన మరునాడు కంప్యూటరుకు ఆ మాటే చెప్పారు. ఎనిమిది చుక్కల లోపు తేడా ఉంటే ఒకే గీత అనుకొమ్మని స్క్రిప్టులో ఒక పంక్తి చేర్చారు. ఇరవై మూడు తెరల కంటి వరసా తిన్నగా దిగింది. అసలు ఫైళ్లను వేరే ఫోల్డరులో దాచి, కొత్త వరసలో మళ్లీ రాయించారు. ఇంకా ఎనిమిది రోజులున్నాయి.

తప్పులు తగ్గాయి. వేగం పెరగలేదు. ఒక్కో ఫోనుకు ఆమె మిగతా గుమాస్తాల కంటే రెట్టింపు సమయం తీసుకుంటోంది.

"సేవ్ చివరికి వెళ్లింది, అంతవరకు బాగుందన్నా," అంది ఆమె. "కానీ జనం మీ తెర మాట్లాడినట్టు మాట్లాడరు. మీరు పేరుతో మొదలుపెడతారు. వాళ్లు మోకాలితో మొదలుపెడతారు. మిగతావాళ్లు ఎక్కడ కావాలంటే అక్కడ మౌసు నొక్కుతారు. నేను తొమ్మిది పెట్టెలు దాటి ముందుకెళ్లి, మళ్లీ తొమ్మిది వెనక్కి రావాలి."

స్కేలుగారు రెండో హెడ్‌ఫోను తగిలించుకుని, నోటుబుక్కు పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నారు. మూడు రోజులు అలాగే విన్నారు.

"రేపు డాక్టరుగారుంటారా? మా ఆయనకి కడుపునొప్పి," అంది ఒకావిడ.

"ఉంటారమ్మా. రోగి పేరు చెప్పండి."

"ఆయన్నే అడుగుతా ఉండండి. ఏవండీ, మీ పేరు అడుగుతున్నారు."

"నీకు తెలీదా నా పేరు," అని వెనకనుంచి మగ గొంతు.

"మీ గురించే కదా, మీరే చెప్పుకోండి."

నూట నలభై ఫోన్లు విన్నాక నోటుబుక్కులో లెక్క తేలింది. నూటికి ఎనభై మంది ముందు తేదీ అడుగుతున్నారు. తర్వాత, లైను తెగిపోతుందేమోనని తమ నంబరు చెబుతున్నారు. ఆ తర్వాత రోగి పేరు, వయసు. ఊరు, తండ్రి పేరు అడిగితే తప్ప చెప్పరు. స్కేలుగారు ఆ వరసను స్క్రిప్టు మొదట్లో రాసిపెట్టి, ఈ పేర్లున్న పెట్టెలు ముందు, మిగతావి కంటి వరసలో, సేవ్ అన్నిటికంటే చివర అని మార్చారు. అంకెలను ముట్టుకోలేదు కాబట్టి తెర మీద ఏదీ కదల్లేదు. కళ్లున్న గుమాస్తాలకు ఏం మారిందో తెలియనే లేదు. ఆమెకు మూడు రోజులు మిగిలాయి.

ఆఖరి రోజు సూపరింటెండెంటు కుర్చీ వేయించుకుని, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని, రెండో హెడ్‌ఫోను తగిలించుకుని రెండు గంటలు ఆమె పక్కనే కూర్చున్నాడు. ముప్పై ఎనిమిది ఫోన్లు పూర్తయ్యాయి, పక్క గుమాస్తాలకు అయినన్నే. ప్రతి నమోదునూ తెర మీద చూసి కాగితం మీద గుర్తు పెట్టుకున్నాడు.

"రెండు తప్పులు," అన్నాడు చివరికి. "ఒకచోట ఫోను నంబరులో ఒక అంకె. ఇంకొకటి, గురువారం సెలవులో ఉన్న డాక్టరుకు పేషెంటును రాశారు."

"మొదటిది నాదే సార్. రెండోది కాదు. సెలవు మంజూరు చేసింది మీ ఆఫీసు, తెరలో ఎక్కించనిదీ మీ ఆఫీసే. నా చెవిలో కంప్యూటరు ఆయన గురువారం ఉన్నారనే చెప్పింది."

అతను తెర వైపు చూశాడు. సెలవు ఎక్కలేదు. కాగితం మీద రెండో గుర్తు కొట్టేశాడు. గడియారం పెట్టుకుంటూ, "సోమవారం నుంచి రండి," అన్నాడు.

"రోజూ వస్తూనే ఉన్నాను కదా సార్."

"ఇకపైన కూడా రమ్మని."

ఆమె కంప్యూటరు గదికి ఫోను చేసింది. "అన్నా, ఉంచుకున్నారు."

"ఎన్ని తప్పులమ్మా?"

"ఒకటి."

"ఏ పెట్టెలో?"

"పెట్టెది కాదన్నా, నా వేలిది."

స్కేలుగారు సరేనమ్మా అని ఫోను పెట్టేశారు. గుండె విభాగం వాళ్లు ఆ పొద్దునే కొత్త పెట్టె ఒకటి అడిగారు. దాన్ని తెర మీదికి లాగి, దాని స్థానంలో పెట్టి, సేవ్ చేశారు. తర్వాత స్క్రిప్టును ఒకసారి నడిపించి, వచ్చిన వరసను పై నుంచి కిందికి చదువుకున్నారు.